2021 నవంబరు వరదలో ఈ వైపు ఎంత నీరు వచ్చింది? స్థలం కొనే ముందు తెలిసినవారు చెప్పగలరు

కొత్తగూడు
అందరికీ నమస్కారం. మాది పలమనేరు. ఉద్యోగరీత్యా మూడేళ్ల క్రితం తిరుపతికి వచ్చాము. ఎం.ఆర్.పల్లె దాటిన తరువాత స్వర్ణముఖి వైపు వెళ్లే దారిలో నలభై అంకణాల స్థలం ఒకటి చూశాము. చుట్టుపక్కల ధరతో పోలిస్తే ఇది దాదాపు సగానికే వస్తోంది. అమ్మేవారి తరఫు మనిషి, 2021 వరదలో ఈ వీధిలోకి చుక్క నీరు కూడా రాలేదని గట్టిగా చెబుతున్నారు. మూలమీద చిల్లర కొట్టు నడిపే పెద్దాయనను అడిగితే ఆయన నవ్వి, టీ తాగి వెళ్లమన్నారు తప్ప జవాబు చెప్పలేదు. ఆ నవ్వు నాకు మనసులో ముల్లులా గుచ్చుకుంటోంది. ఆ రోజుల్లో మేము ఇక్కడ లేము కనుక, కళ్లారా చూసినవారు ఏం జరిగిందో, ఇల్లు కట్టబోయేవారు ఏమేమి పరిశీలించాలో చెబితే మేలు చేసినవారవుతారు. అడ్వాన్సు ఇచ్చేశాము. ఒప్పందం రాసుకోవడానికి ఇంకా పన్నెండు రోజులు ఉంది.

గుంటకట్ట వీధి
నేను కొర్లగుంటలో పుట్టి పెరిగినవాడిని. మీరు అడిగిన వీధి గురించి నేను చెప్పలేను గానీ, ఆ రోజు గురించి చెప్పగలను.

2021 నవంబరు 18, గురువారం. అంతకు వారం రోజుల ముందే ఒక వాయుగుండం చెన్నై దగ్గర తీరం దాటి, మా నేలనంతా తడిపి వెళ్లింది. చెరువులు నిండి ఉన్నాయి, బావుల్లో చేతికి అందేంత ఎత్తులో నీళ్లున్నాయి. అటువంటి నేల మీద రెండో వాయుగుండం వాన పడింది. మధ్యాహ్నానికి కపిలతీర్థం జలపాతం శబ్దం చాలా దూరం వరకు వినిపించింది. మామూలు రోజుల్లో తెల్లటి ధారగా కనిపించే ఆ నీరు ఆ రోజు ఎర్రమట్టి రంగులో, రాళ్లను దొర్లించుకుంటూ దిగింది. ఆలయంలోని మండపం ఒకటి దెబ్బతిన్నది. రెండు ఘాట్ రోడ్లూ, రెండు నడకదారులూ మూసివేశారు. శ్రీవారి మెట్టు దారి ఎంతగా కొట్టుకుపోయిందంటే, దానిని తిరిగి భక్తులకు తెరవడానికి 2022 మే నెల దాకా పట్టింది.

మా ఇంట్లోకి నీరు వీధి వైపు నుంచి రాలేదు. ముందుగా స్నానాల గదిలోని తూము నుంచి బుడగలు బుడగలుగా పైకి వచ్చింది. మా అమ్మ గోనెసంచి అడ్డం పెట్టి దానిమీద రుబ్బురోలు పొత్రాన్ని పెట్టింది. అరగంట తరువాత ఆ పొత్రం చుట్టూ బొద్దింకలు ఈదుతున్నాయి. రాత్రి ఎనిమిదికి మంచం కోళ్లు మునిగాయి, తొమ్మిదికి ఫ్రిజ్ వాలిపోయి తేలింది. బియ్యం బస్తాను అటక మీదకు ఎక్కించడానికి నేనూ మా తమ్ముడూ పడిన పాట్లు ఇప్పుడు తలుచుకుంటే నవ్వు వస్తుంది గానీ, ఆ రాత్రి ఎవరికీ నవ్వు రాలేదు.

ఒక మాట. మా ఊరి పేర్లను ఒకసారి పైకి చదవండి. కొర్లగుంట, తాతయ్యగుంట, కొంకా చెన్నయ్యగుంట, తుమ్మలగుంట. పెద్దలు వీటికి ఊరకనే ఆ పేర్లు పెట్టలేదు. గుంటలో ఇల్లు కట్టుకున్నవాడిని నేనే కనుక, ఇతరులను ఎత్తిపొడిచే అర్హత నాకు లేదు.

పాత లస్కరు
కొత్తగూడు గారికి నమస్కారం. నేను నీటిపారుదల శాఖలో లస్కరుగా, అంటే చెరువులు, కాలువలు కనిపెట్టుకునే పనివాడిగా చేరి, వర్క్ ఇన్‌స్పెక్టరుగా పదవీ విరమణ చేసినవాడిని. ముప్పైరెండు సంవత్సరాలు తూముల (చెరువు నీటిని పొలాలకు వదిలే దారులు) దగ్గర, మొరవల (నిండిన చెరువు నుంచి అదనపు నీరు పొర్లిపోయే చోట్లు) దగ్గర గడిపాను. మీ ప్రశ్నకు జవాబు మీ వీధిలో దొరకదు, వీధికి పైనున్న చెరువు దగ్గర దొరుకుతుంది.

మన ప్రాంతంలో చెరువులు విడివిడిగా ఉండవు. ఒక చెరువు నిండితే దాని మొరవ నీరు కాలువగుండా దిగువ చెరువుకు చేరుతుంది, అది నిండితే దాని కింది దానికి చేరుతుంది, చిట్టచివరిది నిండితే నీరు స్వర్ణముఖిలో కలుస్తుంది. గొలుసుకట్టు చెరువులని వీటిని పిలిచేది అందుకే. తిరుపతి నేల ఉత్తరాన కొండ నుంచి దక్షిణాన ఏటి వైపు వాలి ఉంటుంది. కొండమీద పడిన చుక్కకు ఏరు చేరడమే పని, దారిలో మనం ఏమి కట్టామన్నది దానికి అనవసరం. పైగా ఊరి నడుమ తూర్పు పడమరలుగా రైలు కట్ట అడ్డంగా పడుకుని ఉంది. వచ్చిన నీరంతా ఆ కట్ట కింద ఉన్న కొద్దిపాటి కంతల గుండానే దాటాలి. అండర్ బ్రిడ్జిలు గంటలోపే బావుల్లా మారడానికి కారణం అదే. వరదకు నెల ముందు, అదే ఏడాది అక్టోబరులో, వెస్ట్ చర్చి దగ్గరి అండర్ బ్రిడ్జిలో తిరుమల దర్శనానికి వచ్చిన కర్ణాటక కుటుంబం వాహనం చిక్కుకుపోయి, కొత్తగా పెళ్లయిన ఒక యువతి ప్రాణాలు కోల్పోయింది. అది వాయుగుండం కాదు, తుపాను కాదు, ఒక రాత్రి కురిసిన వాన మాత్రమే.

చెరువుకు కట్ట, తూము, మొరవ, పైనుంచి వచ్చే సప్లయ్ ఛానల్, ఈ నాలుగూ ఉంటాయి. జనం కట్టనూ తూమునూ చూస్తారు. ఆయకట్టు ఉన్నంతకాలం తూము గురించి కొట్టుకుంటారు. సేద్యం పోయి ప్లాట్లు వచ్చిన తరువాత తూముతో పని ఉండదు, కాబట్టి మొరవ సంగతి కూడా మరిచిపోతారు. మొరవ కాలువ ఏడాదిలో పదకొండు నెలలు ఎండిపోయి ఉంటుంది. ఎండిన కాలువ ఖాళీ స్థలంలా కనిపిస్తుంది, ఖాళీ స్థలం మన ఊళ్లో ఎంతకాలం ఖాళీగా ఉంటుందో మీకు తెలుసు. ముప్పై అడుగుల కాలువను మూడడుగుల సిమెంటు పైపులో దూర్చి, పైన రోడ్డు వేసిన చోట్లు నేనే చూపించగలను. దాని గురించి నేను రాసిన నివేదికలు ఏ బీరువాలో ఉన్నాయో మాత్రం చూపించలేను.

పూర్వం ఊరివారే ఏటా పూడిక తీసి కట్టను చక్కబెట్టుకునేవారు. కుడిమరామత్తు అనేవారు దానిని. మద్రాసు ప్రెసిడెన్సీ కోసం 1858లో చేసిన ఒక చట్టం, కట్ట తెగే ప్రమాదం వచ్చినప్పుడు గ్రామస్తులను తప్పనిసరిగా పనికి పిలిచే అధికారం కూడా ఇచ్చింది. ఆ నిర్బంధం మంచిదని నేను అనను. కానీ కట్ట ఎవరి పూచీ అన్న ప్రశ్నకు ఆనాడు జవాబు ఉండేది.

మీరు చేయవలసిన పని ఒకటే. ఆదివారం ఉదయం ఆ చెరువు మొరవ దగ్గర నిలబడి, అక్కడినుంచి కాలినడకన కిందికి రండి. కాలువ ఎక్కడ మాయమైందో అక్కడ ఆగి చూడండి.

సగటు కొలత
లస్కరు గారి అనుభవం మీద గౌరవంతోనే విభేదిస్తున్నాను. ప్రతి వరదకూ ఆక్రమణలే కారణమని చెప్పడం మనకు అలవాటైపోయింది. వాతావరణ శాఖ లెక్కలో 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు దాటితే భారీ వర్షం, 115.6 నుంచి 204.4 వరకు అతి భారీ, ఆపైన అత్యంత భారీ వర్షం. ఈ పై మెట్లకు చేరిన వాన కొండ చరియల మీద పడినప్పుడు ఏ కాలువా తట్టుకోదు. మనకు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల కాలం. బంగాళాఖాతం నుంచి వచ్చే తేమగాలి శేషాచలాన్ని ఢీకొని పైకి లేచి చల్లబడి, అక్కడికక్కడే కుమ్మరిస్తుంది. 2015 నవంబరులో చూశాము, 2020లో నివర్ తుపానుకు చూశాము, 2021లో చూశాము, 2022 డిసెంబరులో మాండౌస్‌కు, 2023 డిసెంబరులో మిచాంగ్‌కు చూశాము. ఇది భూగోళం చేసే పని. కాలువ వెడల్పు చేస్తే తీరేది కాదు. కొత్తగూడు గారు నిశ్చింతగా స్థలం కొని, పునాది ఎత్తు పెంచుకుంటే సరిపోతుందని నా అభిప్రాయం.

కొలతల మేస్త్రి
సగటు కొలత గారు ఇచ్చిన జాబితాయే ఆయన వాదానికి అడ్డం వస్తోంది. తొమ్మిదేళ్లలో ఐదుసార్లు వచ్చినదానిని పెట్టుకుని, నిశ్చింతగా కొనమని ఎలా అనగలము?

లెక్క చెబుతాను. నేను సివిల్ ఇంజనీరును. పది సెంటీమీటర్ల వాన ఒక ఎకరం మీద పడితే నాలుగు లక్షల లీటర్లు అవుతుంది. మనకు బాగా తెలిసిన భాషలో చెప్పాలంటే అయిదువేల లీటర్ల ట్యాంకర్లు ఎనభై. అదే ఎకరం వరిమడిగా ఉన్నప్పుడు చుట్టూ అరడుగు గెనిమ (గట్టు) ఉండేది. అరడుగు అంటే పదిహేను సెంటీమీటర్లు. అంటే ఆ ఎనభై ట్యాంకర్లూ మడిలోనే నిలబడి, కొంత ఇంకి, మిగిలినది మరునాడు మెల్లగా దిగేది. ఆ మడిని చదును చేసి, సిమెంటు రోడ్లు వేసి, ఇంటి ముందు కూడా గచ్చు పోస్తే అందులో అధిక భాగం గంటలోపే వీధిలోకి వస్తుంది. వాన భూగోళం పంపినదే, ఒప్పుకుంటాను. దానిని ఒకే గంటలో వీధికి దింపినది మనం.

పునాది ఎత్తు పెంచుకోమన్న సలహా గురించి కూడా ఒక మాట. మీరు నాలుగడుగులు ఎత్తు చేస్తే ఆ నీరు పక్కింటికి వెళుతుంది. ఆయన అయిదడుగులు చేస్తాడు. మా వీధిలో ఈ పోటీ నడిచి, ఇప్పుడు రోడ్డే కాలువ అయింది. ఇంట్లోకి ఎక్కడానికి ఎనిమిది మెట్లు, వృద్ధులకు ప్రతిరోజూ తిరుమల కొండ ఎక్కినట్టే ఉంది.

రాయలవారి ఆయకట్టు
నేను రామచంద్రాపురం మండలం రైతును. చెరువుల మాట వచ్చింది కాబట్టి రాయలచెరువు సంగతి చెబుతాను. రెండు కొండల నడుమ వేసిన కట్ట అది, రాయలవారి కాలం నాటిదని తరతరాలుగా చెప్పుకుంటున్నాము. నా జీవితంలో అది పూర్తిగా నిండిన సందర్భాలు వేళ్లమీద లెక్కపెట్టవచ్చు. నిండితే పండుగ చేసుకునేవాళ్లము, మొరవ పోతోందంటే పిల్లలను ఎత్తుకుని చూడబోయేవాళ్లము.

2021 నవంబరు 21న కట్టకు ఒకచోట నీరు ఊటగా కారుతోందని కబురు వచ్చింది. కట్ట తెలిసినవారికి ఊట రంగు ముఖ్యం. తేటనీరు కారితే భయం తక్కువ, మట్టినీరు కారితే లోపలి మన్ను కోసుకుపోతోందని అర్థం. మా నాన్నగారు టార్చిలైటుతో వెళ్లి, అరచేతిలో ఆ నీరు పట్టుకుని వెలుతురులో చూసి, ఏమీ మాట్లాడకుండా ఇంటికి వచ్చి ఆవులను విప్పేశారు. మాకు అంతే చాలింది. ఆ రాత్రి కింది పల్లెలన్నీ ఖాళీ అయ్యాయి. కొందరు కొండ ఎక్కారు, కొందరు బంధువుల ఊళ్లకు వెళ్లారు, కొందరు వృద్ధులు కదలమని భీష్మించి కూర్చున్నారు. ఇసుక బస్తాలు వేశారు, రాళ్లు తోలారు, పగలూ రాత్రీ మనుషులు కట్టమీదే ఉన్నారు. కట్ట నిలిచింది.

నిలవకపోతే ఏమయ్యేదో ఊహించడానికి మేము చాలా దూరం వెళ్లనక్కరలేదు. రెండు రోజుల ముందే చెయ్యేరు కబురు విన్నాము.

చెయ్యేటి ఒడ్డు
ఆ కబురు మాది. మా అత్తగారిది రాజంపేట దగ్గర, ఏటి పక్క ఊరు. తిరుపతికి ఎగువ నుంచి వచ్చే నీటితో దానికి సంబంధం లేదు గనుక ఇక్కడ రాయవచ్చో లేదో తెలియదు, అయినా రాస్తున్నాను. ఎందుకంటే అదే వాన, అదే రాత్రి.

బాహుదా, పింఛా ఏరులు కలిసి చెయ్యేరు అవుతుంది, అది పోయి పెన్నలో కలుస్తుంది. ఎగువన పింఛా ప్రాజెక్టు, దిగువన అన్నమయ్య ప్రాజెక్టు. ముందు పింఛా కట్ట తెగింది, ఆ నీరంతా వచ్చి మీద పడేసరికి నవంబరు 19 తెల్లవారుజామున అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట కొట్టుకుపోయింది. ఉన్న ఐదు గేట్లలో ఒకటి పనిచేయలేదని ఆ తరువాత నెలలో కేంద్ర జలశక్తి మంత్రి రాజ్యసభలోనే చెప్పారు. పులపత్తూరు, తొగూరుపేట, మందపల్లి, గుండ్లూరు. ఈ పేర్లు ఆ తరువాత దేశమంతా విన్నది. నందలూరు వైపు ఆర్టీసీ బస్సులు వరదలో చిక్కుకుని ప్రయాణికులు బస్సు పైకప్పు ఎక్కారు. అందరూ దిగిరాలేదు.

తెల్లవారుజామున శివాలయంలో కార్తిక దీపాలు పెట్టడానికి లేచినవారు ఉన్నారు కాబట్టి కొన్ని ఇళ్లవారు బ్రతికారని మా అత్తగారు అంటారు. ఆ రోజు కార్తిక పౌర్ణమి. నీరు తీసిన తరువాత వెళ్లి చూస్తే పొలం కనిపించలేదు. నిలువెత్తు ఇసుక మేట. నిమ్మతోటలో చెట్ల చిటారు కొమ్మలు మాత్రం ఇసుకలోంచి పైకి వచ్చి, వాటికి కాయలు అలాగే వేలాడుతున్నాయి. సరిహద్దు రాళ్లు ఎక్కడున్నాయో తెలియక, ఎవరి పొలం ఎవరిదో తేల్చుకోవడానికి సర్వేయరు కోసం నెలల తరబడి తిరిగాము.

సగటు కొలత
చెయ్యేటి ఒడ్డు గారూ, మీ సందేశం చదివాను. నా లెక్కల ధోరణి మీకు కటువుగా అనిపించి ఉంటే మన్నించండి.

గేటు విషయంలో బాధ్యత ఎవరిదన్నది మాత్రం అడిగి తీరవలసిన ప్రశ్న. అప్పటి ప్రభుత్వం గానీ, అంతకు ముందు ప్రభుత్వం గానీ

నిర్వాహకుడు
పై సందేశంలోని చివరి భాగాన్ని తొలగించాను. దానికి వచ్చిన పదిహేడు జవాబులను కూడా తొలగించాను. పార్టీల చర్చకు ఈ వేదికలో వేరే విభాగం ఉంది, అక్కడ ఎవరికీ అడ్డులేదు. ఇక్కడ ఒకరు ఇల్లు కట్టుకోవాలా వద్దా అని అడిగారు, దయచేసి అది గుర్తుంచుకోండి.

తులసికోట
కొత్తగూడు గారూ, మీరు సంపు కట్టించుకునేట్టయితే ఇది చదవండి. వరద తగ్గిన వారం రోజులకు మన తిరుపతిలోనే, ఎం.ఆర్.పల్లె వైపు కృష్ణానగర్‌లో జరిగినది మీరు విని ఉండకపోవచ్చు. ఒక ఇంటి ఆవరణలో భూమిలో ఉన్న నీటి తొట్టి, సిమెంటు ఒరలతో సుమారు ఇరవై అయిదు అడుగుల లోతున దించినది, శుభ్రం చేస్తుండగా ఒక్కసారిగా నేలలోంచి గోపురంలాగా పైకి లేచింది. లోపల దిగి శుభ్రం చేస్తున్న ఆ ఇంటి ఆమె భయంతో కేకలు వేస్తూ బయటపడ్డారు. ఊరంతా వెళ్లి చూసివచ్చింది. నేనూ వెళ్లాను. దండం పెట్టేవారు పెడుతున్నారు, కొబ్బరికాయ కొట్టినవారు కూడా ఉన్నారు. భూమి పైకి ఉబుకుతోందని, ఇది అరిష్టమని మా వీధిలో రెండు రోజులు ఇదే మాట.

మా ఇంట్లో కూడా ఒరల సంపే ఉంది. ఆ వార్త విన్నాక మావారు దాని మూతమీద ఇసుక బస్తాలు పెట్టారు. అది సరైన పనేనా? ఇన్నేళ్లయినా ఎవరినీ అడగలేదు, నవ్వుతారేమోనని.

కొలతల మేస్త్రి
అమ్మా, నవ్వవలసిన విషయం కాదు. విశ్వవిద్యాలయం భూగర్భ శాస్త్ర ఆచార్యులు కూడా వచ్చి చూసి, నేలలో నీరు నిండడం వల్ల జరిగినదేనని వివరించారు. ఖాళీ బిందెను నీళ్లలో ముంచి వదిలితే పైకి తన్నుకు వస్తుంది కదా, అదే ఇదీ. అయిదడుగుల వెడల్పు, ఇరవై అడుగుల లోతు ఉన్న సంపు దాదాపు 390 ఘనపుటడుగులు ఉంటుంది. చుట్టూ మట్టి పూర్తిగా నానిపోయి నీరు పై అంచు దాకా ఉంటే, కింది నుంచి దానిని పైకి నెట్టే బలం సుమారు పదకొండు టన్నులు. ఒరల బరువు అందులో సగం కూడా ఉండకపోవచ్చు. లోపల నీళ్లున్నంతవరకు ఆ నీటి బరువే సంపును పట్టి ఉంచుతుంది. వరద తరువాత మురికినీరు ఉందని మోటారు పెట్టి తోడేసిన క్షణమే ప్రమాదం.

కాబట్టి నేల ఆరేవరకు సంపును పూర్తిగా ఖాళీ చేయకండి. సగం తోడి, తేటనీరు పోసి, మళ్లీ సగం తోడి, అలా మూడు నాలుగు విడతలుగా మార్చుకోండి. అప్పుడు బ్లీచింగ్ కలపండి. మీ వారు పెట్టిన రెండు బస్తాలు పదకొండు టన్నులను ఆపలేవు గానీ, పిల్లలు మూత తీయకుండా ఆపుతాయి, ఉండనివ్వండి.

గ్యారేజీ తమ్ముడు
ఇంజను గురించి కూడా రెండు మాటలు చెప్పనివ్వండి. 2021 వరద తరువాత నా దగ్గరకు వచ్చిన కార్లలో సగానికి పైగా వరదలో పాడైనవి కావు, నీరు తీసిన తరువాత యజమానులు తాళం తిప్పడం వల్ల పాడైనవి. గాలి పోయే దారిన నీరు సిలిండరులోకి చేరి ఉంటుంది. గాలి నొక్కుకుపోతుంది, నీరు నొక్కుకుపోదు. స్టార్టు చేయగానే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. అటువంటి నష్టాన్ని మామూలు బీమా చాలాసార్లు ఒప్పుకోదు, ఇంజనుకు విడిగా రక్షణ తీసుకుని ఉండాలి. బ్యాటరీ తీగ ఊడదీసి, కారును తోయించుకుని తీసుకురండి. అండర్ బ్రిడ్జిలో నీరు కనిపిస్తే లోతు ఎంతో చూడడానికి దిగకండి, వెనక్కి తిప్పండి. అడుగు లోతు పారే నీరు చిన్న కారును పక్కకు నెట్టేస్తుంది.

నీవానది
చిత్తూరు నుంచి రాస్తున్నాను. మాకు ఊరి మధ్యనే నీవానది. ఏళ్ల తరబడి అది నది అన్న సంగతే పిల్లలకు తెలియదు, మురికికాలువ అనుకుంటారు. 2021లో అది తాను నదినని చెప్పింది. ఒడ్డున ఇళ్లవారికి బాగా అర్థమయ్యేట్టు చెప్పింది.

నేను భూమి రికార్డుల పనిలో ఉన్నాను కనుక ఒప్పందానికి ముందు చూడవలసినవి చెబుతాను. దస్తావేజు చూసి, ఈసీ తీసుకుని సరిపెట్టుకోకండి. ఈసీ ఆ స్థలం ఎవరి చేతులు మారిందో చెబుతుంది, ఆ స్థలం ఏమిటో చెప్పదు. సర్వే నంబరుకు ఎఫ్.ఎం.బి. పటం, అంటే ఆ నంబరు హద్దుల కొలతలు చూపే సర్వే పటం, నకలు తీసుకోండి. గ్రామపటం మీద ఆ నంబరుకు చుట్టుపక్కల వాగు, వంక, కాలువ గీతలు ఎటు పోతున్నాయో చూడండి. పాత డైగ్లాట్‌లో (సర్వే నంబర్ల వారీగా ఉండే పాత భూమి రిజిస్టరు) ఆ నంబరు ఎదురుగా చెరువు పోరంబోకు, వాగు పోరంబోకు, కాలువ పోరంబోకు అని ఉంటే అక్కడితో ఆగిపోండి. రిజిస్ట్రేషన్ నిషేధిత జాబితా, అంటే 22-ఎ, అది కూడా సరిచూడండి. పట్టా భూమే అయినా, పక్క నంబరు కాలువ పోరంబోకు అయితే, ఆ కాలువ నేలమీద ఎన్ని అడుగులు ఉందో, పటంలో ఎన్ని అడుగులు ఉందో కొలిచి చూసుకోండి. తేడా ఎటువైపు కలిసిపోయిందో మీకే తెలుస్తుంది. కుంటలను, చెరువులను వాటి రూపంలోనే కాపాడాలని సుప్రీంకోర్టు 2001లోనే చెప్పింది. ఎప్పుడో ఒకనాడు యంత్రం వచ్చి గోడ ముందు నిలబడితే, అమ్మినవారు మీ పక్కన నిలబడరు.

కొత్తగూడు
అందరికీ కృతజ్ఞతలు. లస్కరు అన్నగారు చెప్పినట్టే ఆదివారం ఉదయం ఆరున్నరకు మొరవ దగ్గర మొదలుపెట్టి నడిచాను. మా ఆవిడ కూడా వచ్చింది, టైలరు టేపు చేతిలో పట్టుకుని. మొదట కాలువ అక్షరాలా కాలువలాగానే ఉంది. తుమ్మచెట్లు, జమ్ము, ఒకచోట రెండు కొంగలు. నేను అడుగులు లెక్కపెట్టాను, అంచు నుంచి అంచుకు ఇరవై ఎనిమిది. అరకిలోమీటరు దిగాక ఒక కల్యాణమండపం ప్రహరీ వచ్చింది. అక్కడ పద్నాలుగు అడుగులు. దాని తరువాత రోడ్డు, రోడ్డు కింద పైపు. పైపులోకి చూస్తే సగం దాకా మట్టి, కొబ్బరిబొండాలు, ఒక పరుపు. రోడ్డు అవతల కాలువ లేదు. అవతల మేము కొనబోయే లేఅవుటు ముఖద్వారం ఉంది.

లోపల ప్రహరీ గోడలన్నింటికీ కొత్తగా రంగు వేసి ఉంది. నేల నుంచి అయిదడుగుల వరకు ఇటుక రంగు, ఆపైన తెలుపు. అందంగానే ఉంది. మా ఆవిడ మాత్రం గోడలు చూడలేదు. లేఅవుటుకు వెనుకవైపు పాత వ్యవసాయ బావి ఒకటి, దాని పక్కన మోటారు గది ఉన్నాయి. ఆ గది తలుపు సగం ఊడి ఉంది. లోపల కరెంటు మీటరు పెట్టె మూత తెరిస్తే, తీగల వెనుక పలకమీద ఎండిన ఒండ్రుమట్టి గీత. చెక్కమీద పెన్సిలుతో గీసినట్టు తిన్నగా ఉంది. దానిపైన దుమ్ము, సాలెగూళ్లు, దానికింద బూడిదరంగు పొర. గోటితో గీరితే పొరలు పొరలుగా ఊడివచ్చింది. టేపు పెట్టి కొలిస్తే నేల నుంచి నాలుగు అడుగుల రెండు అంగుళాలు.

పాత లస్కరు
నాయనా, ఆ గది గచ్చు మీ స్థలం కన్నా ఎత్తున ఉందా, పల్లంలో ఉందా? మోటారు గదులను సాధారణంగా రైతులు మెరక చూసి కడతారు. అది తెలియకుండా నాలుగడుగులని నిర్ణయించుకోవద్దు.

కొత్తగూడు
అన్నగారూ, మీరు అడిగిన తరువాత సాయంత్రం మళ్లీ వెళ్లి, మేస్త్రి గారు విడిగా సందేశంలో చెప్పిన విధంగా పారదర్శకమైన పైపులో నీళ్లు నింపి మట్టం చూశాము. గది గచ్చు మా స్థలం కన్నా ఒక అడుగు మూడు అంగుళాల ఎత్తులో ఉంది. అంటే మా స్థలంలో అయిదు అడుగుల అయిదు అంగుళాలు. మా ఆవిడ ఎత్తు అయిదడుగుల రెండు.

మేము పైపు పట్టుకుని నిలబడి ఉండగా అమ్మేవారి తరఫు మనిషి బైకు మీద వచ్చారు. మీటరు పెట్టె చూపించాను. ఆయన తొంగిచూసి, అది వరద గుర్తు కాదని, ఆ గదిలో పూర్వం ఎవరో గేదెలను కడిగేవారని చెప్పారు. గేదెను కరెంటు మీటరు ఎత్తులో నిలబెట్టి కడిగారా అని మా ఆవిడ అడిగింది. ఆయన కొంచెంసేపు ఆలోచించి, అడ్వాన్సు తిరిగి ఇవ్వడానికి దీపావళి దాకా గడువు అడిగారు.